అందరూ పోవాలి

ఫిబ్రవరి 7, శుక్రవారం

మళ్లీ ఓడాం. మూడు సున్నా. అదీ మన మైదానంలో, మన జనం ముందు, జగజీగ్ నుంచి బస్సులో నిద్రపోతూ వచ్చిన జట్టు చేతిలో.

ఇంట్లో బంతి మాట ఎత్తకూడదని మా ఆవిడ కరీమా శాసనం. గుండెకు మంచిది కాదట. ఎవరి గుండెకి అంటే చెప్పదు. అందుకే రాసుకుంటున్నాను. కాగితం ఎదురు మాట్లాడదు, మాట మధ్యలో లేచి వంటింట్లోకి పోదు.

ఈ మురాద్‌ని కోచ్‌గా పెట్టినవాడి చెయ్యి పడిపోవాలి. కైరో నుంచి వచ్చాడు, నల్ల కళ్లద్దాలు తీయడు. పెళ్లికొచ్చి భోజనాల పిలుపు కోసం చూస్తున్నట్టు చేతులు కట్టుకుని నిలబడతాడు. ఇలాగే సాగితే వేసవికల్లా మా ఫుట్‌బాల్ క్లబ్బు ఫనార్ మూడో డివిజన్‌కి దిగిపోతుంది. మూడో డివిజన్ అంటే మైదానంలో మేకల్ని తోలాక ఆట మొదలుపెట్టే చోట్లు. దుమ్యాత్‌లో పుట్టి ఇన్నేళ్లు కుర్చీలకీ మంచాలకీ పూలు చెక్కుతూ, ఉస్తా, అంటే మేస్త్రీ, అనిపించుకుంటూ బతికాను. పనిలేని ఏళ్లు చూశాను, కర్ర దొరకని ఏళ్లు చూశాను. ఫనార్ మూడో డివిజన్‌లో ఆడటం మాత్రం చూడలేదు. చూడలేను కూడా.

హైథమ్ బెంచీ చివర కూర్చున్నాడు. గోల్ కీపర్ల కోచ్ కదా, వాడి చోటు అదే. మూడో గోల్ పడ్డప్పుడు తల దించుకున్నాడు. నా కొడుకు తల దించుకోవాల్సి వచ్చిందంటే అది ఆ కళ్లద్దాలవాడి పుణ్యమే. రెండో గోల్ దగ్గర మన కీపర్ బస్యూనీ ముందుకి రావడం ఆలస్యమైంది. అలాంటి బంతికి ఎప్పుడు కదలాలో ఎవరైనా సరిగ్గా నేర్పి ఉంటే...

చాలు ఇవాళ్టికి.

ఫిబ్రవరి 8, శనివారం

జగలూల్ హాజీ టీ కొట్లో ఇవాళ పార్లమెంటు. మురాద్ పోవాలన్న దాంట్లో తేడా లేదు, ఎవరు రావాలన్న దగ్గరే తగువు.

వగ్దీ మాస్టారు బడిలో భూగోళం చెబుతాడు. అందుకని ఆయన లెక్కలో కోచ్ అనేవాడు సముద్రం దాటే రావాలి. "పోర్చుగల్‌వాడొకడున్నాడు. ఇప్పుడు ఖాళీ. పిలిస్తే వస్తాడు," అన్నాడు.

"ఎందుకు ఖాళీయో కనుక్కున్నావా మాస్టారూ?" అన్నాడు మంగలి షలబీ. "మా బావమరిది కూడా ఖాళీయే. సిగరెట్టిస్తే పరిగెత్తుకొస్తాడు."

"నీతో వాదించేకంటే గోడతో మాట్లాడటం నయం."

"గోడకి గడ్డం గీయక్కర్లేదు, నాకూ నీకంటే అదే నయం."

నేను అందుకున్నాను. "పొరుగింటి పుల్లకూర రుచి మీకు. ఇంట్లో రిఫాత్ ఉండగా పోర్చుగల్ దేనికి? ఫనార్ బిడ్డ. ఈ మట్టిలో ఆడి, ఈ మట్టిలో మోకాలు విరగ్గొట్టుకున్నవాడు. వాడికి నొప్పి తెలుసు."

రిఫాత్ ఆడిన రోజుల్లో వాడి తల కొట్టిన బంతికి వల చిరిగేది. అది చూసినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

హాజీ టీ గ్లాసు నా ముందు పెట్టాడు. "రిఫాత్ వస్తే తన మనుషుల్ని తెచ్చుకుంటాడు కదా, ఉస్తా బదావీ," అన్నాడు. నా వంక చూడలేదు, గ్లాసు వంకే చూశాడు.

"తెచ్చుకోనీ! కోచ్ పోతే బెంచీ మొత్తం పోవాలి, అది ఆనవాయితీ. డాక్టరు, నీళ్ల సీసాలు మోసేవాడితో సహా."

షలబీ డామినో బిళ్లలు కలపడం మొదలుపెట్టాడు. నా మాటకి జవాబు లేక నోళ్లు పడిపోయాయి.

ఫిబ్రవరి 14, శుక్రవారం

హైథమ్, నిహాల్ భోజనానికొచ్చారు. కరీమా ఉల్లిపాయలు కూరి బాతు వండింది. మా కోడలు నిహాల్ గట్టిగా మాట్లాడే పిల్ల, ఇవాళ ఉప్పు అందించమని కూడా అడగలేదు.

తిన్నాక బాల్కనీలో హైథమ్ అన్నాడు. "నాన్నా, టీ కొట్లో కొంచెం తగ్గించు."

"నేను మురాద్‌ని అంటున్నాను. నిన్నెవరన్నారు?"

"కోచ్‌ని అంటే బెంచీని అన్నట్టే. నీకు తెలియంది కాదు."

"నువ్వు మురాద్ తెచ్చుకున్నవాడివా? మురాద్ రాకముందే ఉన్నావు. ముగ్గురు కోచ్‌లు మారారు, నువ్వు కదిలావా?"

"లేదు. ఈసారి కూడా కదపనని క్లబ్ ప్రెసిడెంట్ మాటిచ్చాడు. మురాద్ పోయినా నేనుంటాను. నాన్నా, నాకు ఈ పని తప్ప ఇంకోటి రాదు. కొన్నాళ్లు ఈ ఊళ్లో మన ఇంటి పేరు వినపడకుండా ఉంటే చాలు."

చూశారా! నేను చెప్పిందే. రిఫాత్ వచ్చాడంటే హైథమ్‌ని పక్కన కూర్చోబెట్టుకుంటాడు. ఫనార్ బిడ్డకి ఫనార్ బిడ్డ కాక ఇంకెవరు కావాలి? బెంచీ చివర్నుంచి రెండో కుర్చీకి. ఆ రోజు నేను షలబీ దగ్గర గడ్డం గీయించుకుని, కొత్త చొక్కా వేసుకుని వెళ్తాను.

వాడు నిశ్చింతగా వెళ్లాడు. నిశ్చింతగానే వెళ్లాడు.

ఫిబ్రవరి 18, మంగళవారం

ఒకటి ఒకటి. ఓడలేదు అన్నంతే.

ఫిబ్రవరి 21, శుక్రవారం

ఓటమి. ఆఖరి నిమిషంలో, కార్నర్ నుంచి వచ్చిన బంతికి. రాయడానికి మనసు రావట్లేదు కానీ ఇంకో సంగతుంది.

ఆదివారం అభిమానులంతా క్లబ్ గేటు దగ్గరికి వెళ్తున్నారు. కుర్రకారు మాత్రమే వెళ్తే రౌడీమూక అని ప్రెసిడెంట్ తలుపు తీయడట. అందుకని ముందు నిలబడి మాట్లాడటానికి తల నెరిసినవాడు కావాలి. షలబీ వచ్చి అడిగాడు. "నువ్వే రావాలి ఉస్తా. బెంచీ మీద కొడుకున్నవాడే మురాద్ పోవాలంటుంటే ప్రెసిడెంట్ కాదనగలడా? వేరేవాళ్లు వందమంది అరిచినా ఆ బరువు రాదు."

నా మాటకు బరువుందని ఈ మధ్య ఎవరూ అనలేదు. కర్ఖానాలో మిషన్ వచ్చాక నేను చెక్కే పువ్వుని ఆ మిషన్ నేను టీ తాగే లోపల చెక్కేస్తోంది. దానికి సలాం కొట్టి ఇంటికొచ్చినవాణ్ణి.

సరేనన్నాను.

సాయంత్రం హాజీ పక్కకి పిలిచాడు. "నువ్వు రావద్దు. ఒంట్లో బాగాలేదని ఇంట్లో కూర్చో. నేను సర్దిచెబుతాను."

"ఏం, నువ్వు మాట్లాడదామనా?"

"నేను మాట్లాడితే నాకేం పోదు, బదావీ. అందుకే చెబుతున్నాను."

పేరు తనకి రావాలని ఉంది హాజీకి. ముప్పై ఏళ్ల స్నేహితుడు కూడా ఇంతే.

ఫిబ్రవరి 23, ఆదివారం

గొంతు పోయింది. రాయడానికి గొంతు అక్కర్లేదు కాబట్టి రాస్తున్నాను.

అంతమంది వస్తారనుకోలేదు. గేటు అవతల ప్రెసిడెంట్ కారు ఉంది, మనిషి బయటికి రాలేదు. ముందు మర్యాదగానే మాట్లాడాను. మురాద్ వద్దు, రిఫాత్ కావాలి, ఈ క్లబ్బు మా తండ్రులు ఇటుకలు మోసి కట్టింది అన్నాను. వెనక ఎవరో నన్ను భుజాల మీదికి ఎత్తారు. ఈ వయసులో! కింద తలలు, ముందు గేటు, ఎండ. ఒకడు "మురాద్ పోవాలి" అన్నాడు. అది చాలదనిపించింది నాకు. "అందరూ పోవాలి!" అన్నాను. జనం అందుకున్నారు. "ఒక్కడూ మిగలకూడదు!" అన్నాను. అది కూడా అందుకున్నారు. నేను ఒక్క మాట అంటే వందల గొంతులు దాన్ని తిరిగి నాకే ఇస్తున్నాయి. అలాంటిది నాకు ఎన్నడూ జరగలేదు, పెళ్లినాడు కూడా.

ఫోన్లు పైకెత్తి తీస్తున్నారు. తీసుకోనీ. దుమ్యాత్‌లో మగాళ్లు ఇంకా ఉన్నారని తెలియాలి.

హాజీ రాలేదు.

ఫిబ్రవరి 25, మంగళవారం

మురాద్‌ని తీసేశారు!

టీ కొట్లో ముషబ్బక్ మిఠాయి పంచారు. మొదటి ముక్క నాకే తినిపించారు. షలబీ నన్ను "జనరల్" అని పిలుస్తున్నాడు. హైథమ్‌కి ఫోన్ చేశాను, తీయలేదు. పనిలో ఉంటాడు, ఇప్పుడు బాధ్యతలు పెరుగుతాయి మరి.

ఇంటికొచ్చి కరీమాకి చెబితే, బంతి మాట ఎత్తకూడదన్న మనిషి తనే ఎత్తింది.

"హైథమ్ నాన్నా, అందరూ అంటే ఎవరు?"

"అంటే మురాద్, వాడి వెంట వచ్చినవాళ్లు."

"మీరు అలా అనలేదు. ఒక్కడూ మిగలకూడదన్నారు. నిహాల్ పంపింది, చూశాను. రెండుసార్లు చూశాను, మీ నోట్లోంచి వచ్చిందా అని."

"గుంపులో ఏదో అంటాం. దానికి అర్థాలు తీస్తారా?"

"గుంపు అనలేదు. మీరన్నారు, గుంపు విన్నది."

ఆడవాళ్లకి ఆట సంగతి తెలియదు.

మార్చి 1, శనివారం

రంజాన్ మొదటి ఉపవాసం. రిఫాత్ పేరు ప్రకటించారు. బెంచీలో ఎవరెవరో కూడా చెప్పారు. గోల్ కీపర్ల కోచ్ దగ్గర హైథమ్ పేరు లేదు, ఇస్మాయిలియావాడెవడిదో ఉంది.

తొందరలో పొరపాటు అయి ఉంటుంది.

మార్చి 5, బుధవారం

పొరపాటే. లేకపోతే హైథమ్‌ని రెండో కోచ్‌గా పెట్టడానికి కీపర్ల పనికి వేరేవాణ్ణి తెచ్చి ఉంటారు. అవును, అదే అయి ఉంటుంది. పెద్ద పని ఇవ్వాలంటే చిన్న పని ఖాళీ చేయాలిగా.

హైథమ్ ఫోన్ తీయట్లేదు. ఉపవాసాల్లో ఎవరికి ఓపిక ఉంటుంది?

మార్చి 9, ఆదివారం

టీ కొట్టు ఇఫ్తార్ అయ్యాక తెరుస్తున్నారు. ఇవాళ వెళ్లాను. నేను లోపలికి అడుగుపెట్టగానే షలబీ వాతావరణం గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. షలబీ! వాతావరణం!

మార్చి 14, శుక్రవారం

జుమా నమాజు నుంచి నేరుగా మైదానానికి వెళ్లాను. రిఫాత్ ఒక్కడే ప్రాక్టీసుకి కోన్లు పేరుస్తున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు, బాబాయ్ అన్నాడు. ఉపవాసం కాబట్టి టీ ఇవ్వలేకపోతున్నానని నొచ్చుకున్నాడు. మంచివాడు. ఎప్పుడూ మంచివాడే.

"హైథమ్ సంగతి," అన్నాను.

వాడు చేతిలో కోన్‌ని అటూ ఇటూ తిప్పాడు. "బాబాయ్, నీ దగ్గర దాచేదేముంది? నేను ఒప్పుకోకముందే ప్రెసిడెంట్ చెప్పాడు, హైథమ్‌ని ఉంచుకోమని. నేను సరేనన్నాను. మనవాడు, పనిమంతుడు, నాకెందుకు అభ్యంతరం? తర్వాత మీటింగులో ఒకాయన ఫోన్ తీసి ఆ వీడియో చూపించాడు. కన్నతండ్రే మిగలకూడదంటున్నాడు, మనం ఉంచుకుంటే జనం ఊరుకుంటారా అన్నాడు. ప్రెసిడెంట్ నోరు మెదపలేదు."

"నేను వాణ్ణి అనలేదు రిఫాత్."

"నాకు తెలుసు."

"మరి చెప్పలేకపోయావా?"

"ఏం చెప్పను? నిజం చెప్పాలంటే నాకూ ఒక అనుమానం వచ్చింది. బదావీ బాబాయ్‌కి ఆట తెలుసు. ఇంట్లో మనిషి. కొడుకు గురించి మనకి తెలియంది ఏదైనా ఆయనకి తెలుసేమో అనుకున్నాను. తండ్రి సాక్ష్యాన్ని మించింది ఏముంటుంది, నువ్వే చెప్పు."

"ఇప్పుడు చెబుతున్నాను. వాడు మంచి కోచ్. నన్ను మళ్లీ గేటు దగ్గరికి తీసుకెళ్లండి, అరిచి చెబుతాను."

రిఫాత్ నవ్వాడు. ఎగతాళి నవ్వు కాదు, అదే భరించలేకపోయాను. "దానికి జనం రారు బాబాయ్."

నడిచే ఇంటికొచ్చాను. దారిలో ఇద్దరు నన్ను జనరల్ అని పలకరించారు. చేతులు కాలాక ఆకులు పట్టుకునేవాడు జనరల్. సలాం పెట్టినవాళ్లకి తిరిగి సలాం పెట్టాను.

కరీమాకి చెప్పాను, మొత్తం. దాచలేదు. ఆవిడ ఇఫ్తార్‌కి పప్పు రుబ్బుతోంది. చేతులు ఆగాయి, మళ్లీ కదిలాయి. ఆవిడ తిట్టి ఉంటే కాస్త తేలికపడేవాణ్ణి.

మార్చి 31, సోమవారం

ఈద్. నిహాల్ ఒక్కతే వచ్చింది, కహక్ బిస్కెట్ల డబ్బా ఇచ్చి నిలబడే మాట్లాడింది. హైథమ్ ఒక షోరూమ్‌లో బెడ్‌రూమ్ సెట్లు అమ్ముతున్నాడట. కఫర్ సాద్ క్లబ్‌లో అడిగాడట, పోర్ట్ సయీద్‌లో రెండు చోట్ల అడిగాడట. అన్ని చోట్లా ఆ వీడియో వాడికంటే ముందే చేరింది. ఒకచోట అడిగారట, "మీ నాన్నతో ఏంటి గొడవ?" అని.

"ఏమన్నాడమ్మా?" అన్నాను.

"ఏ గొడవా లేదని చెప్పాడు మామయ్యా. నిజమే కదా, లేదు కదా."

వెళ్లిపోయింది. కహక్ తినలేదు నేను.

ఏప్రిల్ 11, శుక్రవారం

నాలుగు సున్నా. ఇస్మాయిలియా నుంచి తెచ్చిన ఆ కీపర్ల కోచ్ బెంచీ చివర కూర్చుని గోళ్లు కొరుక్కుంటున్నాడు. వాణ్ణి చూస్తే కోపం రావాలి. రాలేదు. వాడికీ ఎక్కడో ఒక తండ్రి ఉంటాడు, ఇంట్లో కూర్చుని ఇవాళ్టి ఆట విని ఉండడని ఆశిస్తాను.

పెనం మీంచి పొయ్యిలో పడ్డాం. రిఫాత్ చేతులు కట్టుకోలేదు, అరిచాడు, గంతులేశాడు, ఏడ్చినంత పని చేశాడు. బంతికి ఇవేవీ తెలియవు.

ఏప్రిల్ 25, శుక్రవారం

దిగిపోయాం. ఇంకా ఆటలున్నాయి కానీ లెక్కలు అయిపోయాయి. మూడో డివిజన్.

నేను చచ్చిపోతాననుకున్నాను ఈ రోజు వస్తే. ఇంటికొచ్చి మొహం కడుక్కున్నాను, తిన్నాను.

ఏప్రిల్ 27, ఆదివారం

టీ కొట్లో మళ్లీ పార్లమెంటు. రిఫాత్ పోవాలట. వగ్దీ మాస్టారికి ఈసారి సెర్బియా దొరికింది. షలబీ కోపంగా ఉన్నాడు. "ఫనార్ బిడ్డ, ఫనార్ బిడ్డ అని ముంచారు," అన్నాడు, ఆ మాట అన్నదెవరో మర్చిపోయినట్టు. తర్వాత నా వైపు తిరిగాడు. "జనరల్, నువ్వు చెప్పు. ఎవరు రావాలి?"

అందరూ నా వంక చూశారు. హాజీ కూడా, టీ కెటిల్ పట్టుకుని.

నాలుక చివరిదాకా ఒక పేరు వచ్చింది. దేవుడా, వచ్చింది. ఇంత జరిగాక కూడా నా నోరు ఒక పేరు సిద్ధం చేసుకుంది. టీ తాగకుండా లేచొచ్చాను.

మే 2, శుక్రవారం

హైథమ్ వచ్చాడు.

అన్నం వేళ కాదు, సాయంత్రపు అసర్ నమాజు తర్వాత. షోరూమ్ చొక్కాలోనే ఉన్నాడు, జేబు మీద కొట్టు పేరు కుట్టి ఉంది. తల్లి మెడ చుట్టూ చేతులు వేసి కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత నా ఎదురుగా కూర్చున్నాడు. చిక్కాడు. నాకు సంతోషం ఎంతంటే మంచినీళ్లు తెమ్మని కరీమాకి రెండుసార్లు చెప్పాను.

"పని ఎలా ఉందిరా?"

"బానే ఉంది నాన్నా. మంచాలు అమ్ముడుపోవు, నేను నిలబడి ఉంటాను. అంతే."

ఆ తర్వాత అడిగాడు. గొంతు పెంచలేదు.

"నాన్నా, ఒక్క సంగతి చెప్పు, మళ్లీ అడగను. ఆ రోజు గేటు దగ్గర అందరూ అన్నావు కదా. అందులో నేనున్నానా?"

ఈ ప్రశ్న కోసం రెండు నెలలుగా జవాబు కడుపులో పెట్టుకుని తిరుగుతున్నాను. "లేవురా. దేవుడి మీద ఒట్టు, నువ్వు లేవు. నిన్నెలా అంటాను?"

వాడు తల ఊపాడు. కాసేపు అరచేతులు చూసుకున్నాడు.

"అయితే నేను గుర్తే రాలేదన్నమాట."

"అది కాదురా..."

"నేను ఉన్నానని చెబుతావేమో అనుకున్నాను. ఉండి ఉంటే బావుండేది. ఆట తెలిసిన మనిషి, నా పని చూశాడు, నచ్చలేదు, కొడుకని కూడా చూడకుండా అన్నాడు అనుకునేవాణ్ణి. దానికి కోపం తెచ్చుకోవచ్చు. అంతమంది ముందు ఒక్కడూ మిగలకూడదని అరుస్తుంటే నేను ఒకణ్ణి ఉన్నానని మా నాన్నకి తోచనే లేదంటే, దాన్ని నేనేం చేసుకోను?"

అప్పుడు నేను చేసిన పని రాయాలి. ఎవరికీ చెప్పను కాబట్టి ఇక్కడైనా రాయాలి.

"ఉన్నావు," అన్నాను. "ఉన్నావురా. నీ పని నాకు నచ్చలేదు. నువ్వు కూడా పోవాలనే అన్నాను."

వాడు నా మొహంలోకి చాలాసేపు చూశాడు, బంతి ఎటు వస్తుందో వెతికేవాడిలా. "ఇప్పుడు ఏది నమ్మమంటావు నాన్నా?" అన్నాడు. నా దగ్గర మూడో జవాబు లేదు.

లేచాడు. తల్లి చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు. నా చెయ్యి కూడా అందుకుని ముద్దు పెట్టుకున్నాడు, పెద్దవాళ్లు ఎవరైనా వాడు అలాగే చేస్తాడు, మర్యాద తప్పడు. మెట్లు దిగుతుంటే కరీమా గుమ్మంలో నిలబడింది. నేను కుర్చీలోంచి లేవలేకపోయాను.

ఇది నాకోసం రాసుకునేది. ఇక్కడ ఎవరికీ అబద్ధం చెప్పక్కర్లేదు. అందుకని ఇందాకట్నుంచి కలం పట్టుకుని నన్ను నేనే అడుగుతున్నాను, ఉన్నాడా, లేడా అని. ఆ గేటు, ఆ ఎండ, ఆ తలలు అన్నీ కళ్ల ముందున్నాయి. వాడి మొహం కోసం వెతుకుతున్నాను. దొరకట్లేదు. ఆ రోజంతా నాకు వినిపించింది నా గొంతు ఒక్కటే.